ముసలితనమందు తల్లిదండ్రులను సన్మానించుట ఎలాగు?

ఈ దినమున మనము ధ్యానించబోయే అంశము ప్రతి ఇంటికీ సంబంధించినది. తల్లిదండ్రులు వృద్ధులైనప్పుడు వారి విషయమై మనము తీసుకోవలసిన నిర్ణయాలు. వారు ఎక్కడ ఉండాలి? వారిని ఎవరు చూడాలి? ఆసుపత్రి ఖర్చు ఎవరు భరించాలి? ఇల్లు, పొలము సంగతి ఏమిటి? కడవరి దినాలలో ఏ వైద్యము చేయించాలి, ఏది వద్దనుకోవాలి? ఇవి లోకసంబంధమైన సంగతులు, మందిరములో మాట్లాడుకునేవి కావు అని కొందరు అనుకుంటారు. అయితే దేవుడు రాతిపలకల మీద వ్రాసి ఇచ్చిన పది ఆజ్ఞలలో ఒక ఆజ్ఞ సరిగ్గా ఈ సంగతి మీదనే ఉన్నది.

నిర్గమకాండము 20వ అధ్యాయము 12వ వచనము మీకు తెలుసు. తల్లిని తండ్రిని సన్మానించాలనే ఆజ్ఞ అది. ఆ వచనాన్ని మనము ఆదివారపు బడి పిల్లల చేత కంఠస్థము చేయిస్తాము. వారు అప్పజెప్పినప్పుడు పెన్సిలో, చాక్లెట్టో బహుమానంగా ఇస్తాము. మంచిదే. కాని సీనాయి కొండ దగ్గర ఆ ఆజ్ఞను మొదట విన్నవారు ఎవరో ఆలోచించారా? వారు పెండ్లి చేసుకొని, గుడారాలు వేసుకొని, పశువులను తోలుకుంటూ ప్రయాణిస్తున్న పెద్దవారు. వారితో కూడా ఎడారిలో నడవలేక నడుస్తున్న ముసలివారు ఉన్నారు. కాబట్టి ఈ ఆజ్ఞ చిన్నపిల్లల కంటే ముందు, నలభై యాభై ఏళ్ల వయస్సున్న మనకే ఇవ్వబడింది.

సన్మానించుట అని మనము చదివే మాటకు హెబ్రీ భాషలో ఉన్న పదము బరువు అనే అర్థముగల ధాతువు నుండి వచ్చింది. అంటే తల్లిదండ్రుల మాటకు, వారి అవసరానికి, వారి ఇష్టానికి మన జీవితములో బరువు ఉండాలి. తేలికగా తీసిపారేయకూడదు. కొత్త నిబంధనలో వాడిన గ్రీకు పదానికి వెల అనే అర్థము కూడా ఉన్నది. అందుకే పౌలు 1 తిమోతి 5వ అధ్యాయములో విధవరాండ్రను సన్మానించమని చెప్పి, వెంటనే వారి పోషణను గూర్చి మాట్లాడుతున్నాడు. పిల్లలు, మనుమలు తమ పెద్దవారికి ప్రత్యుపకారము చేయడము నేర్చుకోవాలని 4వ వచనములో చెప్పాడు. తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని 8వ వచనములో తీర్పు చెప్పాడు. ఇంత కఠినమైన మాట మన పుల్పిట్ల మీద ఎంత తక్కువగా వినబడుతున్నదో గదా!

మన ప్రభువు కూడా దీనిని ఎంత తీవ్రముగా తీసుకున్నాడో మార్కు సువార్త 7వ అధ్యాయము 9 నుండి 13 వచనాలలో చూడండి. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన దానిని కొర్బాను అని, అనగా దేవునికి అర్పితమని చెప్పి, వారికి ఏమీ చేయకుండా తప్పించుకునే ఆచారము ఆ కాలములో ఉండేది. భక్తి పేరు చెప్పి బాధ్యత తప్పించుకోవడము. మనుష్యులు కల్పించుకున్న ఆచారము చేత దేవుని వాక్యమును రద్దు చేస్తున్నారని ప్రభువు వారిని గద్దించాడు.

నేడు మన కొర్బానులు ఏమిటి? "నాకు పరిచర్య ఉన్నది, తీరిక లేదు" అనేది ఒక కొర్బాను. "మందిర నిర్మాణానికి ఇస్తానని మ్రొక్కుకున్నాను, అమ్మ కంటి ఆపరేషను వచ్చే ఏడు చూద్దాము" అనేది ఇంకొక కొర్బాను. "పిల్లల ఫీజులు, ఫ్లాటు వాయిదాలు కట్టుకునేసరికే సరిపోతున్నది" అనేది మరొకటి. కూటములలో పాటలు పాడే స్వరము ఇంట్లో తల్లి పిలిస్తే విసుక్కుంటే ఆ పాట పరలోకములో ఎలా వినబడుతుందో ఆలోచించండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. తల్లిదండ్రులను నిర్లక్ష్యము చేసేవారు ఒక రకమైతే, వారిని ప్రేమిస్తూనే వారికి బరువు ఇవ్వనివారు ఇంకొక రకము. ఖర్చు పెడతారు, మంచి మందులు కొంటారు, కాని ఒక్క మాట అడగరు. 2 సమూయేలు 19వ అధ్యాయము 31 నుండి 39 వరకు ఉన్న భాగాన్ని మీరు తీరికగా చదవండి. అబ్షాలోము తిరుగుబాటు సమయములో దావీదుకు ఆహారము పెట్టి ఆదుకున్న బర్జిల్లయి అనే పెద్దాయన అక్కడ కనబడతాడు. వయస్సు 80 ఏండ్లు. రాజు కృతజ్ఞతతో, నాతో యెరూషలేముకు రా, నిన్ను పోషిస్తానని పిలిచాడు. అది ప్రేమతో కూడిన పిలుపే. రాజనగరులో భోజనము, గాయకులు, సేవకులు, ఏ లోటూ లేదు.

బర్జిల్లయి ఏమని జవాబిచ్చాడు? నాకు ఇప్పుడు రుచి తెలియదు, పాట సరిగా వినబడదు, నీకు నేనెందుకు భారము కావాలి, నా ఊరిలోనే నా తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనిమ్ము అన్నాడు. తనకు బదులుగా కింహామును తీసుకువెళ్లమన్నాడు. అప్పుడు దావీదు "నీకేమి తెలుసు ముసలాయనా, నేను చెప్పినట్టు విను" అనలేదు. నీ దృష్టికి ఏది మంచిదో అదే చేస్తానని ఒప్పుకున్నాడు. ఆయనను ముద్దు పెట్టుకొని, దీవించి, ఆయన ఇంటికి పంపాడు. అంతటితో మరచిపోలేదు. తాను చనిపోయే ముందు కూడా బర్జిల్లయి కుమారులను దయగా చూడమని సొలొమోనుకు చెప్పాడు (1 రాజులు 2:7). రాజై ఉండి కూడా దావీదు పెద్దాయన మాటకు బరువు ఇచ్చాడు. సన్మానము అంటే ఇదే. తల్లిదండ్రులను గూర్చి మనము నిర్ణయాలు తీసుకోవడము కాదు, తల్లిదండ్రులతో కలిసి నిర్ణయాలు తీసుకోవడము.

మన ఇండ్లలో జరిగేది ఏమిటి? తండ్రి మరణించి పదిరోజులు కాకముందే అన్నదమ్ములు వరండాలో కూర్చొని అమ్మను ఎవరు తీసుకువెళ్లాలో తేల్చేస్తారు. అమ్మ వంటింట్లో ఉంటుంది. ఆమెను పిలువరు. వారము తిరిగేసరికి ఆమె పట్టణములో అయిదవ అంతస్తులో ఉంటుంది. కొడుకు కోడలు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లిపోతారు. తన ఊరి మందిరము గంట వినబడదు, పలకరించే వారుండరు, లిఫ్టు మీట నొక్కడము తెలియదు. "ఏ లోటూ లేకుండా చూసుకుంటున్నాము, అయినా ఎందుకో దిగులుగా ఉంటుంది" అంటారు పిల్లలు. ఆమెకు లోటైనది అన్నము కాదు ప్రియులారా. ఆమెను ఒక మాట అడగకపోవడము ఆమెకు లోటు.

ఇంకొక ఆచారము వంతులు. మూడు నెలలు పెద్దవాని దగ్గర, మూడు నెలలు చిన్నవాని దగ్గర. కొన్ని చోట్ల తండ్రి ఒక కొడుకు వంతుకు, తల్లి ఇంకొక కొడుకు వంతుకు వస్తారు. యాభై ఏండ్లు ఒకే కంచములో తిన్నవారిని వేరు చేస్తారు. దేవుడు జతపరచిన వారిని వేరుపరచకూడదని పెండ్లినాడు చదివిన వాక్యము ముసలితనములో చెల్లదా? వంతులు వేసుకోవాలంటే పనికి వేసుకోండి, ఖర్చుకు వేసుకోండి. మనుష్యులను పంచుకోకండి.

కాబట్టి జబ్బు మంచము మీద పడకముందే, ఇంటివారంతా కూర్చొని, పెద్దవారిని మధ్యలో కూర్చోబెట్టుకొని, ప్రార్థన చేసుకొని మాట్లాడుకోవలసిన సంగతులు నాలుగు ఉన్నాయి.

మొదటిది, నివాసము. "నాన్నా, నీ మనసులో ఏమున్నదో చెప్పు. ఇక్కడే ఉంటావా, మా దగ్గరకు వస్తావా?" అని అడగండి. సొంత ఊరిలోనే ఉంటానంటే, అది ఎంతవరకు సాధ్యమో చూడండి. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించడము, నేల జారకుండా చేయడము, రాత్రివేళ దారిలో చిన్న దీపము ఉంచడము, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తులో మంచము, మోకాళ్లు వంగనివారికి కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి. ఇవి పెద్ద ఖర్చులు కావు. ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగితే మాత్రము ఆ పెద్దవారి నడక, ధైర్యము రెండూ పోతాయి. వంట చేసుకోలేకపోతే పొరుగువారితో మాట్లాడి భోజనము ఏర్పాటు చేయండి.

వృద్ధాశ్రమములో చేర్చడము పాపమా అని చాలామంది అడుగుతుంటారు. ఆ గడప దాటడము దానంతట అది పాపము కాదు. మతి తప్పినవారికి, రాత్రింబగళ్లు మనిషి కావలసినవారికి కొన్నిసార్లు ఇంట్లో సేవ చాలకపోవచ్చు. కాని మిమ్మును మీరు ఈ ప్రశ్నలు అడుగుకోండి. వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? ఆ స్థలమును మీరే వెళ్లి, భోజనము, మరుగుదొడ్లు, రాత్రివేళ ఎవరుంటారో చూశారా? మీరు తరచుగా వెళ్లగలిగే దూరములో ఉన్నదా? ఆరాధనకు, ప్రభువు బల్లకు వారికి వీలుంటుందా? చేర్చి తరచుగా వెళ్లి చూసుకోవడము ఒక సంగతి. చేర్చి మరచిపోవడము వేరొక సంగతి. ఆ రెండవది దేవుని దృష్టికి విడిచిపెట్టడమే.

రెండవది, ఆరోగ్యము. వారు వేసుకునే మందులన్నీ ఒక కాగితము మీద వ్రాసి పెట్టండి. పెద్ద డాక్టరు వ్రాసినవి, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పొరుగువారు చెప్పగా కొన్నవి, అన్నీ వ్రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ కాగితము చూపించండి. కీళ్ల నొప్పులకని ఏండ్ల తరబడి వాడే నొప్పిబిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. స్వస్థత కూటములో ప్రార్థన చేయించుకున్నాము గనుక షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపేశామని చెప్పేవారున్నారు. ప్రియులారా, పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు (కొలొస్సయులు 4:14). హిజ్కియా ప్రార్థనకు దేవుడు జవాబిచ్చిన తరువాత కూడా యెషయా అంజూరపు ముద్ద వేయమన్నాడు (యెషయా 38:21). ప్రార్థించండి, మందులు వేయండి. డాక్టరు చెప్పకుండా ఆపకండి.

మతిమరుపు సంగతి ప్రత్యేకముగా చెప్పాలి. తెలిసిన దారిలో తప్పిపోవడము, తిన్న సంగతి మరచి మళ్లీ అడగడము, తన డబ్బు ఎవరో దొంగిలించారని అనుమానించడము, ఇలాంటివి చూసి కొందరు దయ్యము పట్టిందని ఆ తల్లిని కూటముల చుట్టూ త్రిప్పుతారు. అది మెదడుకు వచ్చే జబ్బు కావచ్చును. థైరాయిడ్ లోపము, విటమిన్ బి12 తక్కువ కావడము, లోపల పేరుకున్న దిగులు వలన కూడా మతిమరుపు వస్తుంది. ఇవి వైద్యముతో బాగుపడగలవు. కాబట్టి ముందు పరీక్ష చేయించండి. ఆమె మిమ్మును గుర్తుపట్టకపోయినా దేవుడు ఆమెను ఎరుగును.

ఆసుపత్రి ఖర్చు విషయములో ఒక మాట. కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని, ఆదాయముతో సంబంధము లేకుండా, 70 ఏండ్లు నిండిన వారందరికీ విస్తరించింది. ఆసుపత్రిలో చేరవలసిన వైద్యానికి కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. ఆధార్ కార్డుతో నమోదు చేసుకోవాలి. జబ్బు వచ్చిన రాత్రి పరుగెత్తడము కాదు, ఇప్పుడే వెళ్లి అడిగి కార్డు చేయించండి.

మూడవది, ఆస్తి, డబ్బు. క్రైస్తవ కుటుంబాలలో కూడా అన్నదమ్ములు మాట్లాడుకోకుండా చేసేది ఇదే. పెద్దవారికి నా మనవి ఏమంటే, కన్నీళ్లకో, ఒత్తిడికో లొంగి ఉన్న ఇల్లు కాస్తా బ్రతికుండగానే వ్రాసి ఇచ్చేయకండి. వీలునామా వ్రాయండి. మీరు జీవించి ఉన్నంతకాలము దానిని మార్చుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందబోయేవారిని సాక్షులుగా పెట్టకండి, పెడితే వారికి వ్రాసినది చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించడము మంచిది. వీలునామా లేకుండా క్రైస్తవుడైన తండ్రి మరణిస్తే, అదే చట్టము ప్రకారము భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా వస్తాయి. ఆడపిల్లలకూ సమానమే. "కట్నము ఇచ్చాము గదా" అనే మాట ఆ చట్టములో లేదు.

బ్రతికుండగానే వ్రాయవలసివస్తే, నన్ను చివరివరకు చూసుకోవాలనే షరతును దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించండి. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ సెక్షను ప్రకారము, ఆ షరతుతో ఆస్తి తీసుకొని చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునలు రద్దు చేయగలదు. పోషణ కోసము పెద్దవారు ఆ ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన ప్రాంతములో ఆర్డీఓ దగ్గర అడిగితే వివరము చెబుతారు. 14567 అనే నంబరుకు ఉచితముగా ఫోను చేసినా వృద్ధులకు సలహా, సహాయము దొరుకుతాయి. దేవుని ఆజ్ఞ హృదయములో ఉన్న ఇంటికి ఈ చట్టముతో పని ఉండకూడదు. అయినా ఆకలితో ఉన్న తల్లికి ఇది ఆసరా గనుక చెబుతున్నాను.

పిల్లలకు కూడా ఒక మాట. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు ఉన్నదో లేదో చూడండి. భార్యాభర్తలిద్దరిలో ఎవరైనా తీసుకొనగలిగేలా ఉమ్మడి ఖాతా ఉంటే, ఒకరు మంచము పట్టినా మరొకరు ఇబ్బంది పడరు. పెన్షను తీసుకునేవారైతే నవంబరులో జీవన ప్రమాణ పత్రము ఇవ్వడము మరువకండి. ఒక సంగతి చాలామందికి తెలియదు. తండ్రి మీకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయనకు మతి స్థిమితము తప్పినప్పుడు చెల్లదు. కాబట్టి ఆయనకు జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే ఈ పనులన్నీ ఆయన ఇష్టప్రకారము సరిచేసుకోవాలి. లెక్కలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ తెలియాలి. చీకటిలో పెట్టించిన వేలిముద్ర మీద దేవుని ఆశీర్వాదము నిలువదు.

నాలుగవది, కడవరి దినాలు. ఇది మాట్లాడడము అపశకునమని కొందరు భయపడతారు. మరణము గెలువబడిందని పునరుత్థాన ఆదివారమున పాడే మనకు ఆ భయమెందుకు? ఆదికాండము 47వ అధ్యాయము చివరిలో చూడండి. యాకోబు తానే యోసేపును పిలిచి, నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దు, నా పితరుల దగ్గర పాతిపెట్టుమని ప్రమాణము చేయించుకున్నాడు. యోసేపు దేశాన్ని ఏలేవాడైనా ఆ మాట విన్నాడు. తండ్రి చనిపోయాక కనానుకు వెళ్లి దానిని నెరవేర్చాడు.

అదే రీతిగా మీ తల్లిదండ్రులను అడగండి. తిరిగి కోలుకునే ఆశ లేదని డాక్టర్లు చెప్పినప్పుడు యంత్రాల మీద ఉంచాలా, ఇంటికి తీసుకురావాలా? 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు, మనిషి ఈ విషయములో తన ఇష్టాన్ని ముందుగానే వ్రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధృవీకరింపజేసుకోవాలి. ఒక భేదము మాత్రము జాగ్రత్తగా గ్రహించండి. ప్రాణము తీయడానికి మనకు అధికారము లేదు, అది దేవునిది. డబ్బు మిగులుతుందని బాగుపడే జబ్బుకు వైద్యము ఆపడము పాపము. అయితే దేవుడు పిలుస్తున్నవారిని, లోకము ఏమనుకుంటుందోనని పొలము అమ్మి యంత్రాలకు కట్టి ఉంచడము భక్తి కాదు. గుడారము విప్పబడితే నిత్యమైన నివాసమున్నదని మనము నమ్ముతున్నాము (2 కొరింథీయులు 5:1). నొప్పి తగ్గించే మందు, శుభ్రత, పెదవులకు తడి, ప్రక్కన కూర్చొని చదివే కీర్తన, ఇవి మాత్రము చివరి శ్వాస వరకు ఆపకూడదు.

బ్రతికినప్పుడు వినికిడి యంత్రము కొనిపెట్టనివారు చనిపోయాక వీధి పొడుగునా ఫ్లెక్సీలు కట్టిస్తున్నారు. జ్ఞాపకార్థ కూటములో బిర్యానీ పెట్టిస్తున్నారు. ఆ ఫ్లెక్సీని ఆ తల్లి చూడదు. ఈ రోజు మీరు కోసి ఇచ్చే మామిడిపండు ముక్క ఆమె తింటుంది.

ఈ నాలుగు సంగతులు మాట్లాడుకున్న తరువాత, పని ఎవరు చేయాలో కూడా తేల్చుకోవాలి. మంచము పట్టినవారిని పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. బట్టలు మార్చాలి, స్నానము చేయించాలి, రాత్రి లేవాలి. ఇదంతా సాధారణముగా ఎవరి మీద పడుతుంది? కోడలి మీద, లేక పెండ్లికాని కూతురి మీద. రూతును గూర్చి కోడండ్రకు ప్రసంగము చేస్తాము, మంచిదే. కాని ఐదవ ఆజ్ఞ మొదట కొడుకుకూ కూతురికీ ఇవ్వబడింది గదా! పేపరు చదువుకుంటూ "అమ్మకు మాత్ర ఇచ్చావా?" అని అడగడము సన్మానము కాదు. లేచి మీరే ఇవ్వండి. మోషే ఒక్కడే భారము మోస్తుంటే నీవు నలిగిపోతావని యిత్రో చెప్పి పని పంచమన్నాడు (నిర్గమకాండము 18:18). మీరూ అలాగే పంచుకోండి. అమెరికాలో, కువైట్‌లో ఉన్నవారు డబ్బు పంపడముతో పాటు, ప్రతిదినము ఒకే వేళకు ఫోను చేయండి. సెలవుకు వచ్చినప్పుడు రెండు వారాలు మీరే దగ్గరుండి సేవ చేసి, ఏడాది పొడుగునా చూసుకున్నవారికి విశ్రాంతి ఇవ్వండి. దూరాన ఉండి దగ్గరున్నవారి సేవలో తప్పులెన్నడము సులభము. అది చేయకండి.

ఇది వింటున్నవారిలో కొందరి మనస్సులో ఒక బాధ ఉండవచ్చు. "మా నాన్న త్రాగి వచ్చి మమ్మును కొట్టాడు. ఒక్కనాడూ చూడలేదు. ఆయనను నేనెందుకు చూడాలి?" సహోదరుడా, సహోదరీ, నీకు జరిగినది చిన్నదని నేను అనను. సన్మానించడమంటే జరిగినది జరగలేదని చెప్పడము కాదు. చెప్పిన ప్రతిదానికి లోబడడమూ కాదు. త్రాగుడుకు డబ్బు ఇవ్వనవసరము లేదు. నీ పిల్లలకు హాని కలిగేలా ఉంటే ఒకే ఇంట్లో ఉంచుకోనవసరమూ లేదు. అయినా ఆయనకు ఆకలైతే అన్నము, జబ్బు చేస్తే వైద్యము అందేలా చూడు. మనము ఇంకా శత్రువులమై ఉండగానే మనలను ప్రేమించిన దేవుడు ఆ మట్టుకు నీకు బలమిస్తాడు.

సంఘానికి కూడా బాధ్యత ఉన్నది. ఆదిసంఘములో విధవరాండ్రకు అనుదిన ఆహారము సరిగా అందలేదని తెలిసినప్పుడు, అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేశారు (అపొస్తలుల కార్యములు 6). మందిరానికి రాలేని వృద్ధుల పేర్లు మీ సంఘములో ఎవరి దగ్గరైనా వ్రాసి ఉన్నాయా? నెలకొకసారి ప్రభువు బల్ల వారి మంచము దగ్గరకు వెళ్తున్నదా? యౌవనస్థులు వారములో ఒక సాయంత్రము వెళ్లి కూర్చుంటే, సేవ చేసే ఆ ఇంటి కోడలు రెండు గంటలు బయటికి వచ్చి ఆరాధనలో కూర్చోగలదు. పిల్లలు లేనివారికి, పిల్లలు విడిచినవారికి సంఘమే ఇల్లు.

చివరిగా సిలువ వైపు చూద్దాము. యోహాను 19వ అధ్యాయము 26, 27 వచనాలు. లోకపాపమంతా మోస్తున్న ఆ గడియలో మన ప్రభువు తన తల్లిని చూశాడు. నాకు ఇంతకన్న గొప్ప పని ఉన్నదని ఆయన అనలేదు. ఆయన నోట కొర్బాను లేదు. దగ్గర నిలిచి ఉన్న శిష్యునికి ఆమెను అప్పగించాడు. ఆ శిష్యుడు ఆ గడియ నుండే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. ఎవరి దగ్గర, ఎప్పటి నుండి అనేది అక్కడికక్కడే తేలిపోయింది. ఆ ప్రభువును వెంబడిస్తున్న మనము, ఈ వారములోనే మన అమ్మ దగ్గర, నాన్న దగ్గర కూర్చొని "నీకు ఏది మంచిదని తోస్తున్నది?" అని అడుగుదాము. అడిగి, ఆగి, విందాము.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును కని పెంచిన వారిని బట్టి నీకు స్తోత్రములు. వారి మాటకు బరువు ఇవ్వగల హృదయాన్ని మాకు దయచేయుము. మంచము మీద ఉన్న ప్రతి తల్లిని, తండ్రిని ఆదరించుము. రాత్రింబగళ్లు సేవచేస్తూ అలసిన చేతులను బలపరచుము. విడిపోయిన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను తల్లిదండ్రులు బ్రతికుండగానే ఏకము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.